లక్షద్వీప్‌లో తాగునీటి భద్రత, మురుగునీటి నిర్వహణ

(ప్రత్యేక వ్యాసం)

కేరళ తీరానికి పశ్చిమంగా, అరేబియా సముద్రంలో 200 నుంచి 440 కిలోమీటర్ల దూరం వరకు విస్తరించి ఉన్న లక్షద్వీప్ కేంద్రపాలిత ప్రాంతంలో నది లేదు, వాగు లేదు, జలాశయం నిర్మించడానికి చోటు లేదు. మొత్తం భూభాగం 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 36 దీవులకు గాను జనావాసం గలవి 10. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ పది దీవుల జనాభా 64,473. అనగా చదరపు కిలోమీటరుకు రెండు వేల మందికి పైగా నివసిస్తున్నారు. ఏటా సుమారు 1,600 మిల్లీమీటర్ల వర్షం కురుస్తున్నప్పటికీ, నైరుతి రుతుపవనాలు వెనుదిరిగిన కొన్ని నెలలకే ఈ దీవులలో మంచినీటికి కటకట మొదలవుతుంది.

సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే కర్మాగారాన్ని 2005లో కవరత్తి దీవిలో ప్రారంభించినప్పటి నుంచి లక్షద్వీప్ నీటి విషయం తరచుగా వార్తలలోకి వస్తున్నది. అయితే అదే దీవులలో వాడిన నీరు ఎటు పోతున్నదనే ప్రశ్నకు అంతటి ప్రాచుర్యం లభించలేదు. పగడపు దీవిలో తాగునీరు, మురుగునీరు రెండు వేర్వేరు శాఖల పనులుగా కాగితం మీద కనిపించినా, నేల అడుగున మాత్రం అవి ఒకే చోట కలుసుకుంటాయి. ఈ సంగతిని పాత్రికేయ మిత్రుల, అధికారుల దృష్టికి తీసుకురావడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దీవి కింద తేలియాడే మంచినీరు

లక్షద్వీప్ దీవులు పగడపు జీవుల అవశేషాలతో ఏర్పడినవి. పైన పగడపు ఇసుక, దాని కింద సున్నపురాయి. రెండూ నీటిని ఇట్టే పీల్చుకుంటాయి. కురిసిన వాన నేల మీద పారదు, నేరుగా లోపలికి ఇంకిపోతుంది. అక్కడ అప్పటికే సముద్రపు నీరు నిండి ఉంటుంది. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక కనుక, ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద ఒక పొరగా తేలుతుంది. దీవి మధ్యలో మందంగా, అంచుల వైపు పలుచగా ఉండే ఈ పొర ఆకారంలో కళ్లద్దపు బిళ్లను పోలి ఉంటుంది.

ఈ పొర లక్షణాన్ని డచ్ ఇంజనీరు బాడన్ గైబెన్ 19వ శతాబ్ది చివరలోను, జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ 1901లోను విడివిడిగా లెక్కగట్టారు. మంచినీటి సాంద్రత 1.000, సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. ఈ స్వల్ప వ్యత్యాసం వల్ల, సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక పాలు ఉంటే దిగువన 40 పాళ్లు ఉంటుందని వారి సూత్రం. వినడానికి ఇది శుభవార్తలా ఉన్నా, తిరగవేసి చూస్తే హెచ్చరికే. బావిలో నీటిమట్టం 10 సెంటీమీటర్లు తగ్గితే, దిగువనున్న ఉప్పునీరు సిద్ధాంతరీత్యా నాలుగు మీటర్లు పైకి లేస్తుంది. పైగా పగడపు దీవులలో ఆటుపోట్ల కదలిక వల్ల మంచినీరు, ఉప్పునీరు కలిసిపోయే మధ్యపొర మందంగా ఉంటుంది కనుక, వాడకానికి పనికివచ్చే నీరు సూత్రం చెప్పే దానికంటే చాలా తక్కువ. రోజులో రెండుసార్లు సముద్రం పొంగినప్పుడు అక్కడి బావులలో నీటిమట్టం కూడా పెరుగుతుంది, సముద్రం తగ్గినప్పుడు తగ్గుతుంది.

పూర్వం దీవివాసులు నీటిని చేదతో తోడుకునేవారు. మసీదుల ప్రాంగణాలలోని కొలనులు, బావులు ఊరందరికీ ఉపయోగపడేవి. చేదతో తోడినంత కాలం పొర చెదిరే ప్రమాదం స్వల్పం. విద్యుత్ మోటార్లు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. ఒకే చోట, ఒకే లోతు నుంచి, తక్కువ సమయంలో ఎక్కువ నీరు లాగినప్పుడు బావి అడుగు నుంచి ఉప్పునీరు శంఖువు ఆకారంలో పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తేరుకోవాలంటే మంచి వానలు పడాలి, కొంతకాలం దాని జోలికి పోకుండా ఉండాలి. ఇంటికి ఒకే బావి ఉన్నవారికి ఇది సాధ్యమయ్యే పని కాదు.

ఇంకుడు గుంత సమస్య

నీటి పరిమాణం గురించిన చింత ఇది. నాణ్యత గురించిన చింత ఇంతకంటే పెద్దది.

లక్షద్వీప్‌లో దాదాపు ప్రతి ఇంటికీ ఒక బావి, ఒక సెప్టిక్ ట్యాంకు ఉంటాయి. స్థలం చాలని పెరళ్లలో రెండింటి మధ్య దూరం కొద్ది మీటర్లే. సెప్టిక్ ట్యాంకు నుంచి వెలువడే నీరు ఇంకే గుంతలు తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారత ప్రమాణాల సంస్థ నియమావళి చెబుతున్నది. గుంత అడుగుకు, భూగర్భ జలమట్టానికి మధ్య కనీసం రెండు మీటర్ల పొడినేల ఉండాలన్నది గ్రామీణ పారిశుద్ధ్యంలో ఇంజనీర్లు పాటించే సూత్రం. ఆ పొడినేలలో సూక్ష్మజీవులు చిక్కుకుని నశిస్తాయి, నీరు వడకట్టబడుతుంది. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న దీవిలో, చాలా చోట్ల గడ్డపారతో రెండు మూడు మీటర్లు తవ్వేసరికే నీరు కనిపించే నేలలో, ఈ రెండు నియమాలనూ పాటించడం దుస్సాధ్యం. మైదాన ప్రాంతంలోని బంకమట్టి నేలను దృష్టిలో ఉంచుకుని రూపొందించిన నమూనాను పగడపు ఇసుకకు అతికించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ముతక ఇసుకలో మురుగునీరు వడకట్టబడేంత సేపు నిలవదు. కొద్దికాలంలోనే మంచినీటి పొరను చేరుకుంటుంది.

మురుగు కలిసిన బావినీటిలో రెండు రకాల హాని ఉంటుంది. మొదటిది రోగకారక సూక్ష్మజీవులు. అతిసారం, కామెర్లు, టైఫాయిడ్ వంటి వ్యాధులు వీటి వల్లనే వస్తాయి. తాగునీరు 100 మిల్లీలీటర్లలో ఇ-కోలి క్రిమి ఒక్కటి కూడా ఉండరాదని ప్రమాణం. కాచడం ద్వారా, క్లోరిన్ కలపడం ద్వారా ఈ ప్రమాదాన్ని తొలగించవచ్చు. రెండవది నైట్రేట్. తాగునీటిలో ఇది లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదు. మించితే ముఖ్యంగా పాలపొడి కలిపిన నీరు తాగే పసికందుల రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. నైట్రేట్ కాచినా పోదు, క్లోరిన్‌కు లొంగదు. నీరు ఎంత కాగితే దాని గాఢత అంత పెరుగుతుంది. చూడటానికి తేటగా, రుచికి బాగా ఉన్న నీటిలో కూడా ఇది ఉండవచ్చు. మొదటి హానిని ఒక గృహిణి తన వంటింట్లోనే నివారించుకోగలదు. రెండవ దానిని నేలలోకి చేరకుండా ఆపడం తప్ప సులువైన మార్గం లేదు.

దీవి అంచుకు చేరిన మురుగునీరు అక్కడితో ఆగదు. మంచినీటి పొర నుంచి నీరు నెమ్మదిగా దీవి చుట్టూ ఉన్న నిస్సార సముద్రపు మడుగులోకి ఊరుతూ ఉంటుంది. నత్రజని, భాస్వరం అధికమైతే అక్కడ నాచు పెరిగి పగడాలను కప్పివేస్తుంది. సముద్రం వేడెక్కడం వల్ల 1998, 2010, 2016 సంవత్సరాలలో లక్షద్వీప్ పగడాలు తెల్లబారి భారీగా నష్టపోయిన సంగతి విదితమే. దెబ్బతిన్న పగడం తిరిగి పెరగాలంటే తేటనీరు అవసరం. అలల తాకిడి నుంచి దీవిని కాపాడేవి, ఇసుకను సమకూర్చేవి ఆ పగడపు దిబ్బలే.

సముద్రం నుంచి తాగునీరు

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక విజ్ఞాన సంస్థ, ఎన్.ఐ.ఓ.టి., 2005 మే నెలలో కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యం గల నిర్లవణీకరణ కర్మాగారాన్ని నెలకొల్పింది. ఎల్.టి.టి.డి. అని వ్యవహరించే ఈ పద్ధతిలో పొరల వడపోత గాని, రసాయనాలు గాని ఉండవు. గాలి తీసివేసిన గదిలో, వాతావరణ పీడనంలో సుమారు 40వ వంతు పీడనం వద్ద నీరు 21, 22 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. లక్షద్వీప్ వద్ద సముద్ర ఉపరితలం 28 నుంచి 30 డిగ్రీల వేడితో ఉంటుంది కనుక, ఆ నీటిని గదిలోకి పంపగానే కొంత భాగం ఆవిరవుతుంది. సుమారు 350 మీటర్ల లోతు నుంచి పైపు ద్వారా తెచ్చిన 12, 13 డిగ్రీల చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లార్చితే మంచినీరు లభిస్తుంది. దీవి అంచు దాటగానే సముద్రం నిట్టనిలువుగా లోతెక్కడం వల్ల కవరత్తిలో ఈ చల్లని నీటి కోసం 600 మీటర్ల పైపు సరిపోయింది.

పంపిన ప్రతి 100 లీటర్ల ఉపరితల జలంలో మంచినీరుగా మారేది దాదాపు ఒక్క లీటరు మాత్రమే. లక్ష లీటర్ల తాగునీటికి రోజుకు దాదాపు కోటి లీటర్ల సముద్రజలాన్ని తోడవలసి ఉంటుందన్న మాట. మిగిలిన నీరు కాస్త చల్లబడి, స్వల్పంగా మాత్రమే ఉప్పదనం పెరిగి సముద్రానికే పోతుంది. ఇతర పద్ధతులలో వెలువడే చిక్కటి ఉప్పునీరు ఇందులో లేకపోవడం పగడపు దీవులకు అనుకూలించే అంశం.

2011లో మినికోయ్, అగత్తి దీవులలో కూడా ఇదే సామర్థ్యం గల కర్మాగారాలు ప్రారంభమయ్యాయి. తదుపరి అమిని, ఆండ్రోత్, చెట్లాట్, కద్మత్, కల్పేని, కిల్తాన్ దీవులలో ఒక్కొక్కటి రోజుకు లక్షా 50 వేల లీటర్ల సామర్థ్యంతో మరో ఆరింటి నిర్మాణాన్ని చేపట్టారు. కద్మత్ కర్మాగారాన్ని 2024 జనవరి 3న కవరత్తిలో జరిగిన కార్యక్రమంలో ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు. అగత్తి, మినికోయ్ దీవులలోని అన్ని గృహాలకు కల్పించిన కొళాయి కనెక్షన్లను కూడా ఆ సందర్భంగానే అంకితం చేయడం జరిగింది. పై తొమ్మిది దీవులలో చేరని పదవది బిత్రా. 0.10 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 2011లో 271 మంది జనాభా గల అతి చిన్న దీవి అది.

తలసరి లెక్క

ఈ కర్మాగారాల ప్రయోజనం నిర్వివాదాంశం. అయితే సామర్థ్యాన్ని జనాభాతో భాగించి చూసినప్పుడే వాటి పరిధి బోధపడుతుంది. 2011 నాటి జనాభా కవరత్తిలో 11,221. రోజుకు లక్ష లీటర్లంటే మనిషికి 9 లీటర్లు. మినికోయ్‌లో 10,447 మందికి తలా 9.6 లీటర్లు. అగత్తిలో 7,566 మందికి 13 లీటర్లు. పెద్ద కర్మాగారం ఉన్న కద్మత్‌లో 5,404 మందికి దాదాపు 28 లీటర్లు. ఆండ్రోత్‌లో 11,191 మంది ఉన్నారు కనుక పెద్ద కర్మాగారమైనా మనిషికి 13 లీటర్లకు మించి ఇవ్వలేదు. ఇవన్నీ కర్మాగారం ఏడాది పొడవునా ఒక్క రోజు కూడా ఆగకుండా పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చే అంకెలు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు.

తొమ్మిది లీటర్లు తాగడానికి, వంటకు చాలవచ్చు. స్నానం, బట్టలు, గిన్నెలు, మరుగుదొడ్డి, పశువులు, పెరటి మొక్కలు అన్నింటికీ నీరు బావి నుంచే రావాలి. కర్మాగారం వచ్చిన దీవిలో సైతం రోజువారీ వాడకంలో అధిక భాగాన్ని భరించేది నేల అడుగున ఉన్న ఆ పలుచని పొరే. దానిని వదిలివేసి కొత్త నీటి వనరును సమకూర్చినంత మాత్రాన నీటి భద్రత ఏర్పడినట్లు భావించడం తొందరపాటు అవుతుంది.

లెక్కలో మరో సగం కూడా ఉంది. సరఫరా చేసిన నీటిలో సుమారు 80 శాతం మురుగునీరుగా తిరిగి వస్తుందని పట్టణ ఇంజనీరింగ్ విభాగాలు అంచనాకు తీసుకుంటాయి. కొళాయి ఇంట్లోకి వచ్చిన కొద్దీ వాడకం పెరుగుతుంది, దానితో పాటే నేలలోకి దిగే మురుగు కూడా పెరుగుతుంది. కొళాయి పథకం అంచనాలో మురుగునీటి పద్దు లేకుంటే, మన డబ్బుతో మనమే బావులను పాడుచేసుకున్నట్లవుతుంది. ఈ మాట లక్షద్వీప్‌కే పరిమితం కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

కర్మాగారాలకు మరొక పరిమితి విద్యుత్తు. నిరంతరం పంపులు నడవాలి. లక్షద్వీప్ విద్యుత్తులో అధిక భాగం డీజిల్ జనరేటర్లదే. ఆ డీజిల్ ప్రధాన భూభాగం నుంచి ఓడలలో రావాలి. వర్షాకాలంలో అలల ఉధృతికి ఓడల రాకపోకలు తగ్గుతాయి. అంటే సముద్రం నుంచి తీసిన ప్రతి లీటరు తాగునీటి వెనుక కేరళ తీరం నుంచి వచ్చిన ఇంధనం ఉంది. సముద్రపు ఉపరితల, అగాధ జలాల ఉష్ణోగ్రతల తేడా నుంచే విద్యుత్తు తయారుచేసి కర్మాగారాన్ని నడిపే ప్రయత్నాన్ని ఎన్.ఐ.ఓ.టి. కవరత్తిలో చేపట్టింది. బ్యాటరీ నిల్వతో కూడిన సౌర విద్యుత్ కేంద్రాన్ని కూడా 2024 జనవరిలో కవరత్తిలో ప్రారంభించారు.

ఇతర దీవుల అనుభవం

బావిని కోల్పోయిన దీవి ఎంత ఇబ్బంది పడుతుందో తెలుసుకోవడానికి పొరుగునే ఉన్న మాల్దీవులు చాలు. రాజధాని మాలేలో జనసాంద్రత పెరిగి, ఇళ్ల మురుగు ఇసుకలోకే చేరుతుండటంతో అక్కడి భూగర్భ జలం తాగడానికి పనికిరాకుండా పోయింది. 1978లో కలరా, 1982లో రక్త విరేచనాలు ప్రబలాయి. ఆ తరువాతనే మురుగు పైపుల వ్యవస్థ నిర్మించారు. 1988 నుంచి సముద్రపు నీటి శుద్ధి ఆరంభమైంది. క్రమంగా నగరం యావత్తూ శుద్ధి కర్మాగారం మీదనే ఆధారపడింది. 2014 డిసెంబరు 4న ఆ కర్మాగారం విద్యుత్ విభాగంలో అగ్నిప్రమాదం సంభవించి, లక్ష మందికి పైగా తాగునీరు లేకుండా పోయింది. మరునాడే భారత వాయుసేన విమానాలు నీటితో మాలే చేరాయి. సుకన్య, దీపక్ అనే నౌకలను నావికాదళం పంపింది. 'ఆపరేషన్ నీర్' పేరిట సాగిన ఆ సహాయం అప్పట్లో ప్రశంసలందుకున్నది. ఒక గదిలో పుట్టిన మంట రాజధాని నగరాన్ని దప్పికకు గురిచేయడానికి కారణం, ఆపత్కాలంలో ఆదుకోవలసిన భూగర్భ జలం అంతకు చాలా ఏళ్ల ముందే చేజారిపోయి ఉండటం. మాల్దీవులలోని 28 దీవులలో భారత ప్రభుత్వ రుణ సహాయంతో, సుమారు 11 కోట్ల డాలర్ల వ్యయంతో చేపట్టిన పనులను 2024 ఆగస్టులో విదేశాంగ మంత్రి శ్రీ ఎస్. జైశంకర్ ఆ దేశానికి అప్పగించారు. వాటిలో తాగునీటి పథకాలతో పాటు మురుగునీటి పథకాలు కూడా చేర్చి ఉండటం గమనార్హం.

పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాతి దేశ రాజధాని తరావాలో 1977లో కలరా వ్యాపించింది. ఆ తరువాత జనసమ్మర్దం గల ప్రాంతాలలో సముద్రపు నీటితోనే మరుగుదొడ్లను శుభ్రపరిచే మురుగు కాల్వలను నిర్మించారు. మంచినీరు ఆదా అయింది, మలినం చాలా వరకు బావులకు దూరమైంది. బోన్రికి అనే చోట దీవి కింద ఉన్న మంచినీటి పొరను కాపాడటానికి పైనున్న భూమిని జలరక్షిత ప్రాంతంగా ప్రకటించి, భూస్వాములకు ప్రభుత్వం కౌలు చెల్లిస్తూ వచ్చింది. అయినా ఆక్రమణలు, తగాదాలు తప్పలేదు. స్థలమే కరవైన దీవిలో ఇళ్లు కట్టుకోవద్దని చెప్పడం ఎంత కష్టమో ఇది తెలియజేస్తుంది.

తువాలు దేశం కథ మరింత కలవరపెట్టేది. రాజధాని దీవి ఫునాఫుటిలో భూగర్భ జలం సెప్టిక్ ట్యాంకుల వల్ల కలుషితమై, ప్రజలు పైకప్పుల మీది వాననీటి మీదనే బతుకుతున్నారు. 2011లో వానలు ముఖం చాటేయగా సెప్టెంబరు చివర అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఒక్కో కుటుంబానికి రోజుకు రెండు బకెట్లు, అనగా 40 లీటర్ల చొప్పున నీటిని కొలిచి ఇచ్చారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దేశాలు శుద్ధి యంత్రాలను విమానాలలో పంపవలసి వచ్చింది. ఆ కాలంలోనే నీరు అవసరం లేని ఎరువు మరుగుదొడ్లను అక్కడ ప్రవేశపెట్టారు. స్థానిక భాషలో ఫలేవాటీ అని పిలిచే వీటిలో కొబ్బరి పీచు, ఎండుటాకులు వంటివి కలిపి మలాన్ని ఎరువుగా మారుస్తారు. ఫ్లష్‌కు అయ్యే నీరంతా మిగిలింది.

మురుగునీటికి మార్గాలు

లక్షద్వీప్‌కు వర్తించే నిబంధనల విషయానికి వస్తే, కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 2011 జనవరిలో ద్వీప పరిరక్షణకు ప్రత్యేక నోటిఫికేషన్ జారీ చేసింది. దీవుల సమీకృత నిర్వహణ ప్రణాళికల పరిశీలనకు సుప్రీంకోర్టు జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ అధ్యక్షతన నిపుణుల సంఘాన్ని నియమించింది. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ రెండవ దశలో వాడిన నీటి నిర్వహణ కూడా భాగమైంది. నిధులకు, నిబంధనలకు కొరత లేదని చెప్పవచ్చు. ఏ నమూనా అనేదే ప్రశ్న.

రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ సియాచిన్ వంటి అతిశీతల ప్రాంతాలలోని జవాన్ల కోసం రూపొందించిన బయో-డైజెస్టర్ మరుగుదొడ్లను లక్షద్వీప్ కోసం కూడా ఎంపిక చేశారు. గాలి చొరని తొట్టిలో ప్రత్యేక సూక్ష్మజీవులు మలాన్ని జీర్ణం చేసుకుంటాయి. బురద తక్కువగా మిగలడం, రోగక్రిములు తగ్గడం ఇందులోని సౌలభ్యాలు. అయితే బయటికి వచ్చే నీటిలో నత్రజని చాలా వరకు అలాగే ఉంటుంది. ఆ నీటిని మళ్లీ ఇసుకలోకే వదిలితే నైట్రేట్ సమస్య తీరదు. అడుగు మూసివేసిన తొట్టెలలో రెల్లు, కెన్నా వంటి మొక్కలు పెంచి వాటి వేళ్ల గుండా పోనిస్తే నత్రజనిలో కొంత భాగాన్ని మొక్కలు వాడుకుంటాయి. కొబ్బరి తోటలకు మళ్లించినా ప్రయోజనమే, కాకపోతే తోట బావికి దూరంగా ఉండాలి. స్నానాల గది, వంటగది నీటిని మరుగుదొడ్డి నీటితో కలపకుండా విడిగా శుద్ధి చేస్తే అది తిరిగి నేలలోకి ఇంకి మంచినీటి పొరను నింపడానికి అక్కరకు వస్తుంది. ఇంటిలో రెండు పైపులు వేయడం నిర్మాణ సమయంలో స్వల్ప వ్యయం. తరువాత వేయాలంటే గోడలు పగులగొట్టాలి.

అధికారులు తరచుగా విస్మరించే అంశం ఒకటుంది. ట్యాంకులో నిండిన బురదను కొన్నేళ్లకొకసారి తీయాలి. నాలుగు చదరపు కిలోమీటర్ల దీవిలో దానిని ఎక్కడ పారబోయాలి? సముద్రపు మడుగులో పోయరాదు, ఓడలో తరలించడం ఖర్చుతో కూడినది. ఎండబెట్టి ఎరువుగా మార్చే చోటు ముందుగా నిర్ణయించకుండా ట్యాంకులు కడితే అవి నిండిన రోజున పొంగి పొర్లుతాయి. నిర్మించిన మరుగుదొడ్ల సంఖ్య ప్రగతి నివేదికలలో కనిపిస్తుంది. తీసిన బురద లెక్క కనిపించదు. దీవి పథకాల గురించి రాసే పాత్రికేయులు కర్మాగార సామర్థ్యంతో పాటు ఆ దీవి బావులలో నైట్రేట్, లవణ పరిమాణాల రీడింగులు, అవి వేసవి నాటివా వర్షాకాలం నాటివా అనే వివరం కూడా అడిగి తీసుకోవడం ఉచితం. వాన వెలసిన వారంలో తీసిన నమూనా వేసవి చివరి పరిస్థితిని తెలుపలేదు.

వాననీటి విషయం క్లుప్తంగా. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద 1,600 మిల్లీమీటర్ల వాన పడితే ఏడాదికి లక్షా 60 వేల లీటర్లు. అందులో నాలుగింట మూడు వంతులు పట్టుకోగలిగినా ఐదుగురి కుటుంబానికి మనిషికి రోజుకు 60 లీటర్లకు పైబడుతుంది. చిక్కు నిల్వ దగ్గరే వస్తుంది. నాలుగైదు నెలల పొడి కాలానికి సరిపడే ట్యాంకు ఇంటి స్థలంలో పట్టదు. అందువల్ల ట్యాంకు నిండిన తరువాతి వాననీటిని శుభ్రమైన మార్గంలో నేలలోకి దింపడం మేలు. ఆ నిల్వకు అద్దె ఉండదు.

మన తీరంలో

కృష్ణా డెల్టాలోని ఎదురుమొండి, పులికాట్ సరస్సులోని ఇరకం వంటి దీవి గ్రామాలు మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. వీటి నేల స్వభావం పగడపు దీవులకు భిన్నమే. అయితే ఉప్పునీటి మీద మంచినీరు పలుచగా తేలే స్థితి మన తీరప్రాంతపు ఇసుక భూములలో సుపరిచితం. నెల్లూరు నుంచి బాపట్ల, చీరాల వరకు రైతులు ఇసుకలో లోతు తక్కువగా తవ్వి నీరు తోడుకునే దొరువులు ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుందని అక్కడి రైతుకు ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు ఈ దొరువును మెరుగుపరిచి, ఇసుకలో అడ్డంగా రంధ్రాల పైపులు పరిచి, వాటిలోకి ఊరిన మంచినీటిని మధ్యలోని బావికి చేర్చే పద్ధతిని రూపొందించారు. నీరు ఒకే బిందువు నుంచి గాక విశాలమైన మేర నుంచి నెమ్మదిగా వస్తుంది కనుక ఉప్పునీరు పైకి లేవదు. తరావాలోని బోన్రికి వద్ద నగరానికి నీరందించే అడ్డపైపుల ఏర్పాటు కూడా మూలంలో ఇటువంటిదే.

కవరత్తి తరహా కర్మాగారం మన తీరంలో యథాతథంగా సాధ్యం కాదు. ఇక్కడ ఖండపు అంచు విశాలమైనది. చల్లని నీరు దొరికే లోతు కోసం ఒడ్డు నుంచి పదుల కిలోమీటర్లు పోవాలి. 2007లో ఎన్.ఐ.ఓ.టి. రోజుకు 10 లక్షల లీటర్ల ప్రయోగాత్మక కర్మాగారాన్ని చెన్నైకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో బార్జి మీద నడిపింది అందుకే. దీనికి ప్రత్యామ్నాయంగా ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రంలో, కండెన్సర్ల నుంచి వృథాగా వెలువడే వేడినీటిని ఉపయోగించి ఇదే పద్ధతిలో మంచినీటిని తయారుచేశారు. అక్కడ లోతైన చల్లని నీరు అక్కరలేదు, మామూలు సముద్రపు నీరే చల్లార్చడానికి సరిపోతుంది. తీరాన థర్మల్ కేంద్రాలున్న పరవాడ, కృష్ణపట్నం ప్రాంతాలకు సంబంధించి పరిశీలించదగిన నమూనా ఇదే.